చక్రం తిరిగితేనే జీతం: అమెరికా ట్రక్కింగ్ కంపెనీలో డ్రైవర్ ఉద్యోగం

(అమెరికాలోని తెలుగువారి సమావేశంలో ఒక లాంగ్‌హాల్ ట్రక్కు డ్రైవర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

నన్ను పిలిచినవాళ్ళు "అమెరికా అంతా తిరిగారు కదండీ, ఆ విశేషాలు చెప్పండి" అన్నారు. కొండలూ లోయలూ మీ ఫోన్లలోనే బోలెడన్ని కనిపిస్తాయి. వాటికి నేనెందుకు? నేను జీతం గురించి, గంటల గురించి మాట్లాడతాను. ఈమధ్య మన కుర్రాళ్ళు ఫోన్ చేసి "అన్నా, ఐటీలో పరిస్థితి బాలేదు, సీడీఎల్ తీసుకుని ట్రక్కు ఎక్కుదామనుకుంటున్నా, ఎంతొస్తుంది?" అని అడుగుతున్నారు. సీడీఎల్ అంటే పెద్ద బండ్లు నడపడానికిచ్చే కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్సు. ఎంతొస్తుందో తర్వాత చూద్దాం. దేనికిస్తారో ముందు తెలుసుకోండి.

అంతకన్నా ముందు ఒక మాట. హెచ్-1బీ మీద ఉండి వారాంతాల్లో ట్రక్కు నడపొచ్చా అని అడిగేవాళ్ళకి, కుదరదు. ఆ వీసా ఇచ్చింది ఏ ఉద్యోగానికో ఆ ఉద్యోగమే చెయ్యాలి. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళకిచ్చే నాన్-డొమిసైల్డ్ లైసెన్సుల నిబంధనల్ని ఫెడరల్ ప్రభుత్వం 2025 సెప్టెంబరులో బిగించింది, వెంటనే కోర్టుల్లో కేసులు పడ్డాయి. గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్ళకి ఆ గొడవ లేదు. ఇంగ్లిష్ మాత్రం అందరికీ వర్తిస్తుంది. 2025 జూన్ 25 నుంచి, రోడ్డు మీద ఆపిన ఇన్‌స్పెక్టర్ అడిగినదానికి ఇంగ్లిష్‌లో జవాబు చెప్పలేకపోతే అక్కడికక్కడే బండి నడపకుండా ఆపేస్తున్నారు. మనవాళ్ళకి అది పెద్ద సమస్య కాదులెండి. యాసకి ఎవరూ ఆపరు.

ఇక జీతం సంగతి. దూరప్రయాణాల ట్రక్కుల్లో ఎక్కువ కంపెనీలు గంటకింత అని ఇవ్వవు, మైలుకిన్ని సెంట్లు అని ఇస్తాయి. లెక్క సులువుగా ఉండటానికి మైలుకి 50 సెంట్లనుకుందాం. రోజుకి 500 మైళ్ళు నడిపితే 250 డాలర్లు. రిక్రూటర్ దీన్నే నెలకీ ఏడాదికీ గుణించి ఒక అంకె చెప్తాడు. ఆయన గుణకారంలో తప్పుండదు. మీరు రోజూ 500 మైళ్ళు నడుపుతారన్న ఊహలోనే తిరకాసంతా ఉంది. ప్రభుత్వ కార్మిక గణాంకాల ప్రకారం 2023 మే నాటికి భారీ ట్రక్కు డ్రైవర్ల మధ్యస్థ వార్షిక వేతనం 54,320 డాలర్లు. అందులో రోజూ సాయంత్రం ఇంటికెళ్ళే లోకల్ డ్రైవర్లు కూడా ఉన్నారు. రిక్రూటర్ చెప్పే అంకెని దాని పక్కన పెట్టి చూసుకోండి.

మైలు అంటే కూడా మీరనుకునే మైలు కాదు. బండి మీటరు చూపించే మైళ్ళకి డబ్బులిస్తారనుకుంటాం. చాలా కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్ లెక్కగట్టిన దూరానికే ఇస్తాయి. కొన్నిచోట్ల జిప్ కోడ్ నుంచి జిప్ కోడ్‌కి లెక్క. మీ లోడు దింపాల్సిన గోదాము ఊరికి ఆ చివర ఉన్నా, వంతెన ఎత్తు చాలక చుట్టూ తిరిగి వెళ్ళినా, ఆ మైళ్ళు మీ ఖాతాలోవే. నేను పనిచేసిన కంపెనీలో సెటిల్‌మెంట్ షీట్, అదే జీతం లెక్కల కాగితం, చేతికొచ్చిన ప్రతిసారీ మీటరు అంకె ఎక్కువగానే ఉండేది. అడిగితే "అది అందరికీ అంతే" అనేవారు. నిజమే, అందరికీ అంతే.

అసలు కథ గంటల్లో ఉంది. ఫెడరల్ చట్టం ప్రకారం, 10 గంటల విశ్రాంతి తర్వాత మీరు గరిష్ఠంగా 11 గంటలు నడపొచ్చు. కానీ ఆ 11 గంటల్నీ డ్యూటీ మొదలైన 14 గంటల్లోపే వాడుకోవాలి. ఎనిమిది గంటల డ్రైవింగ్ అయ్యాక అరగంట బ్రేకు తప్పనిసరి. రోజూ నడిచే కంపెనీల్లో ఎనిమిది రోజులకి కలిపి డ్యూటీ 70 గంటలు దాటితే నడపకూడదు. వరసగా 34 గంటలు విశ్రాంతి తీసుకుంటే ఆ లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. ఈ నిబంధనలు మంచివే. నిద్ర లేని మనిషి చేతిలో 80,000 పౌండ్ల బండి ఉండకూడదనే పెట్టారు. చిక్కల్లా, ఆ 14 గంటల క్లాక్ ఒకసారి మొదలైతే మామూలుగా ఆగదు. మీరు నడుపుతున్నా, గోదాము ముందు కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్నా అది నడుస్తూనే ఉంటుంది. డబ్బులు మాత్రం చక్రం తిరిగినప్పుడే.

ఒక రోజు ఎలా ఉంటుందో చెప్తాను చూడండి. ఉదయం ఆరుకి డ్యూటీ మొదలుపెట్టాను. అంటే రాత్రి ఎనిమిది తర్వాత నడపడానికి లేదు. ఏడింటికి పక్కనే ఉన్న ఒక కిరాణా సరుకుల గోదాములో అన్‌లోడింగ్ అపాయింట్‌మెంట్. టైముకే వెళ్ళాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను కాగితం తీసుకుని, నా ఫోన్ నంబరు రాసుకుని, "డాకు ఖాళీ అయినప్పుడు పిలుస్తాం" అన్నాడు. వాళ్ళు పిలిచి, సరుకు దించి, సంతకాలు పెట్టి పంపేసరికి మధ్యాహ్నం పన్నెండయింది. ఇంక మిగిలింది ఎనిమిది గంటలు. చట్టం ఇచ్చిన 11 గంటల డ్రైవింగ్‌లో మూడు గంటలు ఆ గేటు దగ్గరే కరిగిపోయాయి. గంటకి 60 మైళ్ళ చొప్పున 180 మైళ్ళు, 50 సెంట్ల లెక్కన 90 డాలర్లు. డిటెన్షన్ పే, అంటే లోడు దగ్గర ఆపేసినందుకిచ్చే డబ్బు, ఉంటుంది కదా అంటారు. మొదటి రెండు గంటలూ ఉచితం, అది ఈ పరిశ్రమలో పాతుకుపోయిన అలవాటు. ఆ తర్వాతి గంటలకి డబ్బు గోదామువాళ్ళు కంపెనీకిస్తే, కంపెనీ మనకిస్తుంది. వాళ్ళివ్వకపోతే లేదు. వాళ్ళిచ్చారో లేదో మనకెలా తెలుస్తుంది? తెలియదు.

ఇక్కడే పనికొచ్చే విషయం ఒకటుంది, డ్రైవర్ అవ్వాలనుకునేవాళ్ళు రాసుకోండి. 2020 సెప్టెంబరు 29 నుంచి స్ప్లిట్ స్లీపర్ నిబంధన కాస్త వదులైంది. 10 గంటల విశ్రాంతిని రెండు ముక్కలు చేసుకోవచ్చు. ఒకటి స్లీపర్ బెర్త్‌లో, అంటే ట్రక్కు క్యాబిన్లోని పడక మీద, కనీసం ఏడు గంటలుండాలి, రెండోది కనీసం రెండు గంటలు, మొత్తం కలిపి పదికి తగ్గకూడదు. అలా జత కుదిరితే ఆ రెండు ముక్కల్లో ఏదీ 14 గంటల్లోకి రాదు. గోదాము దగ్గర నిజంగానే మూడు గంటలు పడుకోనిస్తే, రాత్రి ఏడు గంటల నిద్రతో జత చేసి క్లాక్‌ని కాపాడుకోవచ్చు. అరగంటకోసారి తలుపు కొట్టి "ముందుకి జరుపు" అంటుంటే అది విశ్రాంతి కాదు, అలా రాసుకోకూడదు కూడా. డిస్పాచర్లు, అంటే ఆఫీసు నుంచి మనకి లోడ్లు అప్పజెప్పేవాళ్ళు, ఈ స్ప్లిట్ లెక్క తెలిసిన డ్రైవర్‌ని ఇష్టపడతారు. ఒక్కోసారి మరీ ఇష్టపడతారు! (నవ్వులు)

ఓవర్‌టైమ్ అడగొచ్చు కదా అని మొన్న ఒక లాయరు మిత్రుడే అన్నాడు. 1938లో వచ్చిన ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వమంటుంది. అంతర్రాష్ట్ర ట్రక్కు డ్రైవర్లకి అందులో మినహాయింపు రాసేశారు. అంతకు మూడేళ్ళ ముందు, 1935 మోటార్ క్యారియర్ చట్టంతో డ్రైవర్ల పనిగంటల్ని నియంత్రించే అధికారం వేరే ఫెడరల్ కమిషన్‌కి ఇచ్చారు, కాబట్టి ఇక్కడ అక్కర్లేదన్నారు. ఆ కమిషన్‌ని 1995లో మూసేశారు. మినహాయింపు మాత్రం ఇంకా బతికే ఉంది. 1980లో ఇంకో మోటార్ క్యారియర్ చట్టం తెచ్చి పోటీకి తలుపులు బార్లా తెరిచారు. రవాణా చార్జీలు తగ్గాయి, కొనుక్కునేవాళ్ళకి మేలే జరిగింది. ఆ తగ్గింపులో కొంత డ్రైవర్ జేబులోంచి వచ్చిందని నా అభిప్రాయం. కాదనేవాళ్ళతో భోజనాల దగ్గర వాదిస్తాను, ఇక్కడ వద్దు.

క్లాక్‌ని పట్టుకుని కూర్చునేది ఈఎల్‌డీ, అంటే ఎలక్ట్రానిక్ లాగింగ్ డివైస్. ఇంజన్‌కి తగిలించిన పెట్టె. బండి గంటకి ఐదు మైళ్ళు దాటిందంటే మీరు "డ్రైవింగ్"లో ఉన్నట్టు అదే రాసేసుకుంటుంది. 2017 డిసెంబరులో తప్పనిసరి చేశారు. అంతకుముందు కాగితం లాగ్‌బుక్‌లో కొందరు రెండు పుస్తకాలు నడిపేవారని పాతవాళ్ళు నవ్వుతూ చెప్పేవారు. యంత్రం వచ్చాక ఆ దొంగలెక్కలు పోయాయి. అయితే డ్రైవర్ గంటలు నిమిషాలతో సహా రికార్డయ్యాయి కానీ, గోదాము పెట్టే ఆలస్యానికి మాత్రం అలాంటి పెట్టె ఏదీ ఎవరూ తగిలించలేదు.

ఇప్పుడు ఈ మైలు జీతం భద్రతలోకి ఎలా చొరబడుతుందో చూపిస్తాను. ట్రైలర్ తగిలించుకున్నాక ప్రతిసారీ దిగి, టార్చిలైటు పట్టుకుని కిందకి దూరి చూడాలి. ట్రక్కు వెనక ట్రైలర్ కూర్చునే ఫిఫ్త్ వీల్ పళ్ళేనికీ ట్రైలర్ అడుగుకీ మధ్య సందు కనపడకూడదు. లోపల దవడలు కింగ్‌పిన్, అంటే ట్రైలర్ అడుగునుండే ఇనుప పిన్ను, మెడ చుట్టూ మూసుకున్నాయో లేదో కంటితో చూడాలి. "క్లిక్" అని వినపడింది కదా అని వదిలెయ్యకూడదు. తర్వాత ట్రైలర్ బ్రేకులు వేసి ట్రక్కుని నెమ్మదిగా ముందుకి లాగి చూడాలి. ఆపైన ఎయిర్ బ్రేకులు. ఇంజన్ ఆపి, బ్రేకులు వదిలి, పెడల్ తొక్కి పట్టుకుని ఒక నిమిషం గేజ్ చూడాలి. ట్రైలర్‌తో కలిపి నాలుగు పీఎస్‌ఐకి మించి గాలి తగ్గకూడదు (పీఎస్‌ఐ అంటే గాలి ఒత్తిడి కొలత). తర్వాత పెడల్‌ని కొడుతూ గాలి దించుతుంటే 55 పీఎస్‌ఐకి రాకముందే హెచ్చరిక లైటు వెలగాలి, బజర్ మోగాలి. ఇంకా దించితే 45, 20 పీఎస్‌ఐల మధ్య ఎక్కడో డ్యాష్‌బోర్డు మీది బ్రేకు నాబ్‌లు వాటంతటవే "టప్"మని బయటికి రావాలి. ముందు టైర్లకి అంగుళంలో 32 భాగాల్లో కనీసం నాలుగు భాగాల గాడి లోతు ఉండాలి, మిగతావాటికి రెండు. చలికాలం తెల్లవారుజామున గ్లౌజులు నూనె మరకలతో, మోకాళ్ళ కింద మంచుతో ఈ పనంతా చెయ్యాలి. దీనికి ఎన్ని మైళ్ళు? సున్నా. చూడకుండానే చూసినట్టు టిక్కులు పెట్టేసి బయల్దేరేవాళ్ళని నేను ప్రతి ట్రక్ స్టాపులో చూశాను. బద్ధకం ఒక్కటే కారణమనుకోకండి, జీతం లెక్కే వాళ్ళని అటు తోస్తుంది.

బరువు కూడా అంతే. మొత్తం 80,000 పౌండ్లు, అందులో మామూలు లెక్క ముందు ఇరుసు మీద 12,000, ట్రక్కు వెనక ఇరుసుల జత మీద 34,000, ట్రైలర్ ఇరుసుల జత మీద 34,000. మొత్తం సరిపోయినా ఒక జత మీద ఎక్కువైతే జరిమానా. కాటా మీద తూచుకుని, కిందకి దిగి పిన్ను లాగి, ట్రైలర్ చక్రాల్ని ముందుకో వెనక్కో జరిపి, మళ్ళీ తూచాలి. కాలిఫోర్నియా వెళ్తుంటే కింగ్‌పిన్ నుంచి ట్రైలర్ చివరి ఇరుసుకి 40 అడుగులు దాటకూడదు, కాబట్టి అక్కడ జరపడానికి చోటు తక్కువ. సరుకు సర్దింది షిప్పర్, అంటే సరుకు పంపినవాడు. సర్దుబాటు చేసుకోవాల్సింది మనం.

ఒరెగాన్‌లో పెండిల్టన్ దగ్గర ఐ-84 హైవే మీద క్యాబేజ్ హిల్ అని ఒక దిగుడు ఉంది. ఆరు శాతం వాలు, మెలికల మలుపులు, బ్రేకులు పోయిన బండ్లు దూరడానికి పక్కన ఇసుక, కంకరతో ఎస్కేప్ ర్యాంపులు. పైనుంచే గేరు తగ్గించి, ఇంజన్ బ్రేకు వేసుకుని దిగాలి. అనుకున్న వేగం దాటగానే బ్రేకు గట్టిగా వేసి, ఐదు మైళ్ళు తగ్గాక పూర్తిగా వదలాలి. మళ్ళీ వేగం పెరిగితే మళ్ళీ అంతే. కాలు తియ్యకుండా తొక్కి ఉంచితే బ్రేకు డ్రమ్ములు వేడెక్కి ఇంక పట్టవు. నిదానంగా దిగితే అరగంట పోతుంది. పోనివ్వండి.

వ్యోమింగ్‌లో ఐ-80 మీద సమస్య వేరు. లారమీ, ఎల్క్ మౌంటెన్ మధ్య గాలి. ఖాళీ ట్రైలర్ అంటే 53 అడుగుల తెరచాప. బోల్తా పడ్డ ట్రైలర్లు రోడ్డు పక్కన కనిపిస్తూనే ఉంటాయి. ఒక చలికాలం సాయంత్రం ఖాళీ ట్రైలర్‌తో అటు వెళ్ళమని డిస్పాచర్ ఫోన్ చేశాడు. తేలిక బండ్లకి హెచ్చరిక పెట్టారు, వెళ్ళనన్నాను. "మిగతావాళ్ళు వెళ్తున్నారుగా" అన్నాడు. "మీరు చెప్పిందే ట్యాబ్లెట్‌లో మెసేజ్‌గా పంపండి, గాలి హెచ్చరిక ఉన్నా వెళ్ళమంటున్నారని" అన్నాను. ఫోన్ పెట్టేశాడు. మెసేజ్ రాలేదు, తెల్లారాక కొత్త అపాయింట్‌మెంట్ వచ్చింది.

అది ధైర్యమేమీ కాదు, చట్టం. 1982 నాటి సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ అసిస్టెన్స్ చట్టం కింద, నిబంధనలకి విరుద్ధంగానో ప్రాణాపాయంలోనో బండి నడపనన్న డ్రైవర్‌ని శిక్షిస్తే 180 రోజుల్లోపు ఓషాకి, అంటే పనిచోట భద్రత చూసే ఫెడరల్ సంస్థకి, ఫిర్యాదు చెయ్యొచ్చు. 2016 జనవరి నుంచి డ్రైవర్‌ని బలవంతపెట్టడాన్ని నిషేధించే ఫెడరల్ నిబంధన కూడా అమల్లో ఉంది, అది షిప్పర్లకీ, లోడ్లు కుదిర్చే బ్రోకర్లకీ కూడా వర్తిస్తుంది. అయితే రుజువు ఉండాలి. అందుకే నేను పెద్ద విషయాలేవీ ఫోన్లో తేల్చను. రాతలో ఉండాలి. ఇలా కాదన్నవాడికి తర్వాతి వారం మైళ్ళు తగ్గడమూ జరుగుతుంది. దాన్ని రుజువు చెయ్యడం మహా కష్టం.

పార్కింగ్ టెన్షన్ గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తవదు. సాయంత్రం ఆరేడు దాటితే పెద్ద నగరాల చుట్టుపక్కల ట్రక్ స్టాపులు నిండిపోతాయి. క్లాక్‌లో గంట మిగిలి ఉండగానే ఆగితే 60 మైళ్ళ జీతం పోతుంది. చివరిదాకా నడిపితే చోటు దొరకదు, హైవే ర్యాంపు అంచున పెట్టుకుని పడుకోవాలి. 2009లో జేసన్ రివెన్‌బర్గ్ అనే డ్రైవర్ టైముకంటే ముందు చేరుకున్నాడు, ఆగడానికి చోటు లేక సౌత్ కరోలినాలో మూతపడ్డ ఒక గ్యాస్ స్టేషన్‌లో బండి పెట్టుకుంటే దోచుకుని కాల్చి చంపారు. ఆయన భార్య పోరాడగా 2012లో జేసన్స్ లా వచ్చింది, ట్రక్కుల పార్కింగ్‌కి ఫెడరల్ నిధులు వాడొచ్చని. చట్టమొచ్చి ఇన్నేళ్ళయినా సాయంత్రం వేట మాత్రం అలాగే ఉంది.

సరే, ప్రశ్నలు. తమ్ముడు అడిగింది వెనక్కి వినపడలేదేమో, చెప్తాను: "కంపెనీయే ట్రక్కు లీజుకిచ్చి, వాయిదాలు కట్టాక మనదే అంటోంది, తీసుకోమంటారా?"

వద్దు. లీజ్-పర్చేజ్ అంటే, ఇందాకటి నుంచి చెప్తున్న గోదాము ఆలస్యాలు, గాలులు, పార్కింగ్, అన్నిటి ఖర్చూ మీ నెత్తికెత్తుకోవడం. వారం వారం వాయిదా, డీజిల్, ఇన్సూరెన్స్, మరమ్మతుల ఖాతా అన్నీ ముందే కోసుకుంటారు, మిగిలింది మీకు. ఒక్కో వారం మీరే బాకీ పడతారు. లోడు ఇచ్చేది వాళ్ళే, లీజు వాయిదా తీసుకునేదీ వాళ్ళే. మధ్యలో మానేస్తే ట్రక్కూ పోతుంది, కట్టిందీ పోతుంది. ఈ పద్ధతిని పరిశీలించడానికి ఫెడరల్ ప్రభుత్వమే ఒక టాస్క్‌ఫోర్స్ వేసింది, 2025 జనవరిలో అది ఇలాంటి ఒప్పందాల్ని నిషేధించమని సిఫార్సు చేసింది. ఇలాంటి డ్రైవర్లని 1925 నాటి ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టం చూపించి కోర్టు బదులు ఆర్బిట్రేషన్‌కి, అంటే ప్రైవేటు మధ్యవర్తి దగ్గరికి, నెట్టడం కుదరదని, కాంట్రాక్టర్లయినా సరే ఆ చట్టంలోని మినహాయింపు వాళ్ళకీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో న్యూ ప్రైమ్ వర్సెస్ ఒలివేరా కేసులో చెప్పింది. సొంత ట్రక్కు కావాలంటే ముందు కంపెనీ డ్రైవర్‌గా లెక్కలు నేర్చుకోండి, తర్వాత బయట బ్యాంకు అప్పుతో కొనుక్కోండి.

ఇంకో అమ్మాయి చీటీ పంపింది, "ఉచిత శిక్షణ నిజంగా ఉచితమేనా?" అని. 2022 ఫిబ్రవరి 7 నుంచి ఫెడరల్ రిజిస్ట్రీలో ఉన్న శిక్షణ సంస్థలోనే నేర్చుకోవాలి. కంపెనీ స్కూలయితే సాధారణంగా ఏడాది పనిచేస్తానని సంతకం పెట్టించుకుంటారు, ముందే మానేస్తే ఫీజు కట్టాలి. సంతకానికి ముందు మూడు అడగమ్మా: ఏ మైళ్ళకి డబ్బిస్తారు, డిటెన్షన్ పే ఎన్ని గంటల తర్వాత మొదలవుతుంది, గోదామువాళ్ళు ఇవ్వకపోయినా వస్తుందా, ట్రైనర్‌తో ఉన్న వారాల్లో జీతం ఎంత. రిక్రూటర్ నోటిమాట కాదు, ఈమెయిల్‌లో రావాలి.

చివరి ప్రశ్న, మానెయ్యాలనిపిస్తే ఎలా. ఒకటే చెప్తాను. ఎంత కోపమొచ్చినా బండిని దారి మధ్యలో వదిలేసి రాకండి. అది మీ ఉద్యోగ చరిత్ర రిపోర్టులోకి ఎక్కుతుంది, డాక్ (DAC) రిపోర్ట్ అంటారు, తర్వాతి కంపెనీలు మొదట చూసేది అదే. కంపెనీ టెర్మినల్‌కి తీసుకెళ్ళి, లోపల సామాను దించుకుని, నాలుగు వైపులా ఫొటోలు తీసి, అప్పగించినట్టు సంతకం తీసుకోండి. కొన్నాళ్ళాగి ఆ రిపోర్టు కాపీ తెప్పించుకుని చూడండి, ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు. తప్పుగా రాసుంటే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కు మీకుంది.